మనం ఎన్ని కిలోలు ఉండాలి?

“మాస్టారూ, నేను ఎన్ని కిలోలు ఉండాలి?”

బడిలో ఎత్తులూ బరువులూ చూసే రోజున ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. కొంతమందైతే జవాబు కూడా వెంట తెచ్చుకుంటారు. “నేను 45కి దిగాలండి” అంటుంది తొమ్మిదో తరగతి అమ్మాయి. “మా అమ్మ 16 కిలోలు తగ్గాలట మాస్టారూ, ఎన్ని నెలలు పడుతుంది?” అంటాడు పదో తరగతి అబ్బాయి. ఆ 45 ఎక్కడి నుంచి వచ్చిందమ్మా అని అడిగితే, పక్క బెంచీ అమ్మాయి బరువు అంతేననో, ఫోనులో చూసిన సినిమా తార బరువు అంతేననో చెబుతారు. 44 కాదు, 46 కాదు, సరిగ్గా 45!

బరువు తగ్గాలనుకునేవారు ఏం తినాలి, ఎంత నడవాలి అన్నదాని గురించి బోలెడంత చర్చ చేస్తారు. ఎంత బరువుకు చేరాలి అన్నదాన్ని మాత్రం అర నిమిషంలో తేల్చేస్తారు. నిజానికి చిక్కంతా ఆ అంకెలోనే ఉంది. అంకె తప్పుగా పెట్టుకున్నవారు రెండు నెలలు కడుపు మాడ్చుకుని, అక్కడికి చేరలేక, విసిగిపోయి మొత్తం వదిలేస్తారు. కొందరు ఆరోగ్యమే పాడుచేసుకుంటారు. కాబట్టి ఆ అంకెను ఎలా నిర్ణయించాలో ఈ నెల చూద్దాం.

వెనకటి రోజుల్లో రైల్వే స్టేషన్లలో ఎర్రదీపాలు తిరిగే తూకం యంత్రాలు ఉండేవి. ఎక్కి నిలబడి నాణెం వేస్తే చిన్న అట్టముక్క బయటికి వచ్చేది. దాని మీద ఒకవైపు మన బరువు, మరోవైపు మన జాతకం! ఆ రెండింటిలో జనం దేన్ని ఎక్కువ నమ్మేవారో నాకు ఇప్పటికీ అనుమానమే. బరువు ఎంత ఉందో యంత్రం చెబుతుంది. ఎంత ఉండాలో చెప్పడానికి మరో కొలబద్ద కావాలి.

పాత సూత్రాలు

అందరికీ తెలిసిన సూత్రం ఒకటుంది. సెంటీమీటర్లలో ఎత్తు రాసుకుని అందులోంచి 100 తీసివేస్తే, మిగిలినది కిలోగ్రాముల్లో మీ బరువు. 165 సెంటీమీటర్ల మనిషి 65 కిలోలు ఉండాలన్నమాట. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. మెదడులో మాటకు సంబంధించిన భాగాన్ని గుర్తించినది ఆయనే. ఈ సూత్రం ఆయన పేరు మీదే చలామణీ అవుతోంది. లెక్క తేలిక, జ్ఞాపకం ఉంటుంది, అందుకే ఇన్నాళ్ళు బతికింది. కానీ ఒకసారి దీన్ని మీ ఇంట్లో నాలుగేళ్ళ తమ్ముడికి వర్తింపజేసి చూడండి. ఆ వయసు పిల్లవాడి ఎత్తు దాదాపు 100 సెంటీమీటర్లు. అందులోంచి 100 తీసేస్తే మిగిలేది సున్న! వాడు గాలిలో తేలాలి పాపం.

తర్వాత బీమా కంపెనీలు రంగంలోకి దిగాయి. అమెరికాలో మెట్రోపాలిటన్ అనే జీవిత బీమా కంపెనీ, ఏ ఎత్తుకు ఏ బరువున్న ఖాతాదారులు ఎక్కువ కాలం బతుకుతున్నారో లెక్కలు తీసి 1943లోనూ, 1959లోనూ, 1983లోనూ పట్టికలు వేసింది. ఆ లెక్కలు నిజమైనవే. అయితే అవి బీమా చేయించుకోగలిగిన అమెరికా వాళ్ళ లెక్కలు. వాళ్ళ ఆహారం వేరు, ఒళ్ళు వేరు.

ఇప్పుడు ఆసుపత్రుల్లో వాడుతున్నది మూడో కొలత. దీనికి మూలపురుషుడు బెల్జియం దేశపు ఖగోళ, గణిత శాస్త్రవేత్త ఆడోల్ఫ్ కెట్లే. పెద్దవాళ్ళలో బరువు ఎత్తుతో సమంగా పెరగదని, ఇంచుమించు ఎత్తు వర్గంతో పాటు పెరుగుతుందని 1830ల్లో ఆయన గమనించాడు. అందుచేత బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే పొట్టివారినీ పొడుగువారినీ ఒకే కొలతతో పోల్చవచ్చు. 1972లో అమెరికా శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ దీనికి ‘శరీర ద్రవ్యరాశి సూచిక’ అని పేరుపెట్టాడు. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో బి.ఎం.ఐ. అంటారే, అదే. కీస్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ కలుస్తాం.

ఒక లెక్క చేద్దాం. ఎత్తు 150 సెంటీమీటర్లు, అంటే 1.5 మీటర్లు. దీని వర్గం 2.25. బరువు 68 కిలోలు. 68ని 2.25తో భాగిస్తే 30.2. ఇందాక పదో తరగతి అబ్బాయి అడిగిన అమ్మగారి కొలతలు ఇవే అనుకుందాం. ఆవిడకు 45 ఏళ్ళు అనుకోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం పెద్దవాళ్ళకు ఈ సూచిక 18.5 నుంచి 25 లోపు ఉంటే మామూలు బరువు, 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం. మన దేశపు వైద్యులు మాత్రం గీతను ఇంకా కిందికి దించారు. 2009లో వాళ్ళు ఒక అంగీకారానికి వచ్చి 23 దగ్గరే అధిక బరువు మొదలవుతుందని, 25 దగ్గర స్థూలకాయమని నిర్ణయించారు. మన మీద ఈ కాఠిన్యం ఎందుకు?

ఇద్దరు శాస్త్రవేత్తల కథ

2004లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో పడింది. అందులో ఇద్దరు శాస్త్రవేత్తలు పక్కపక్కన ఉన్నారు. ఒకరు పుణేకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు ఇంగ్లండుకు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరికీ సూచిక సరిగ్గా 22.3. పట్టిక దృష్టిలో వాళ్ళు అన్నదమ్ములు. కానీ ఒంట్లో కొవ్వును ఎక్స్-కిరణాలతో కొలిస్తే యుడ్కిన్ శరీరంలో 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం! రెట్టింపు దాటింది.

మన వాళ్ళలో చాలామంది చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు ఉంటుంది, గమనించే ఉంటారు. పొట్టలో పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వు చర్మం కింద ఉండే కొవ్వు లాంటిది కాదు. అది ఇన్సులిన్ పనికి అడ్డం వస్తుంది. అందువల్ల మన దేశంలో సూచిక తక్కువగా ఉన్నవారికి కూడా మధుమేహం వస్తోంది. గీతను దించడానికి ఇదే కారణం.

ఇక రెండో అంచు చూడండి. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 1994లోనూ, 1995లోనూ 54 కిలోల విభాగంలో బరువులెత్తి ప్రపంచ విజేత అయింది. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఎత్తు పెరగకుండా విభాగం మాత్రం 15 కిలోలు పైకి జరిగింది. ఆ కాలపు మల్లీశ్వరికి పట్టికలోంచి ‘ఉండవలసిన బరువు’ చెప్పడానికి ఎవరికైనా ధైర్యం ఉందా? కాటాకు కండ తెలియదు, కొవ్వు తెలియదు, ఎముక తెలియదు. భూమి మనల్ని ఎంత బలంతో లాగుతోందో అది చెబుతుంది, అంతే.

అలాగని సూచికను పారేయనక్కర్లేదు. మనలో బరువులెత్తే వీరులు తక్కువ, కూర్చుని పనిచేసేవారు ఎక్కువ కనుక చాలామందికి అది దారి చూపుతుంది. కాకపోతే 23 అన్నది హెచ్చరిక దీపం. చాలామంది దాన్నే చేరవలసిన ఊరుగా అనుకుంటారు. తిప్పలు అక్కడే మొదలవుతాయి.

లెక్క తప్పేది ఎక్కడ?

మన 68 కిలోల అమ్మగారి సంగతికి వద్దాం. సూచిక 23 రావాలంటే ఆవిడ 51.75 కిలోలకు దిగాలి. అంటే 16 కిలోలకు పైగా తగ్గాలి. అబ్బాయి చెప్పిన 16 ఇలా వచ్చిందే.

కొవ్వు 1 గ్రాము 9 కాలరీల శక్తినిస్తుంది. (ఆహారం గురించి చెప్పేటప్పుడు కాలరీ అంటే కిలోకాలరీ అని అర్థం చేసుకోవాలి.) మన ఒంట్లోని కొవ్వు కణజాలంలో కాస్త నీరు, కాస్త మాంసకృత్తులు కూడా ఉంటాయి గనుక 1 కిలోకు సుమారు 7,700 కాలరీలు పడతాయి. ఇది ఎంత పెద్ద నిల్వో ఊహించండి. 60 కిలోల మనిషి 1 కిలోమీటరు నడిస్తే ఖర్చయ్యేది 40, 50 కాలరీలు. అంటే నర్సీపట్నం నుంచి విశాఖపట్నం దాకా నడిచి వెళ్ళి, మళ్ళీ నడిచి తిరిగి వస్తే కరిగేది సుమారు 1 కిలో కొవ్వు!

అందుకే ఖర్చుతో పాటు జమను కూడా చూసుకోవాలి. రోజుకు 500 కాలరీలు తగ్గిస్తే వారానికి 3,500, అంటే దాదాపు అర కిలో. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా వారానికి అర కిలో తగ్గుదలను సురక్షితమని చెబుతోంది. ఎంత తగ్గించినా రోజుకు 1,000 కాలరీల కంటే తక్కువ తినకూడదని కూడా అదే సంస్థ హెచ్చరిస్తోంది. ఈ సంస్థ 1918లో తమిళనాడులోని కూనూరులో బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకు ఒక్క గదిలో మొదలైంది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. తిండి చాలక వచ్చే జబ్బుల కోసం పుట్టిన సంస్థ ఇవాళ ఒళ్ళు తగ్గించుకోవడం గురించి కూడా సలహాలు చెప్పవలసి వస్తోంది. మన రాష్ట్రం తీరే అలా ఉంది మరి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో మూడో వంతుకు పైగా సూచిక 25 దాటినవారే. అదే స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. లావుగా ఉన్నవారికి పోషణ సరిపోతోందని అనుకోకండి.

సరే, లెక్క పూర్తి చేద్దాం. రోజుకు 500 చొప్పున ఏడాదికి 1,82,500 కాలరీలు. 7,700తో భాగిస్తే 23.7 కిలోలు. అమ్మగారు ఎనిమిది, తొమ్మిది నెలల్లో గమ్యం చేరిపోతారు. బాగానే ఉంది. కానీ ఇదే లెక్కను ఆపకుండా పొడిగించండి. రెండో ఏడాది చివరికి ఆవిడ బరువు 21 కిలోల లోపు. మూడో ఏడాది పూర్తికాకముందే సున్న! బ్రోకాగారి నాలుగేళ్ళ పిల్లవాడిలాగే ఈవిడా గాలిలో కలిసిపోయింది. లెక్కలో ఏదో లోపం ఉంది కదూ?

శరీరం ఎదురుతిరుగుతుంది

లోపం ఏమిటంటే, మన ఖర్చు మారదని అనుకున్నాం. మనం రోజంతా ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు ఊరకే పడుకున్నా ఖర్చవుతుంది. గుండె కొట్టుకోవాలి, మెదడు పనిచేయాలి, ఒంటి వేడి నిలవాలి. శరీరం చిన్నదైతే ఈ ఖర్చు తగ్గుతుంది. అంతటితో ఆగదు. జీతం తగ్గిన ఇంటి యజమాని దీపాలు ఆర్పి తిరిగినట్టు, తిండి తగ్గేసరికి శరీరం కూడా పొదుపు మొదలుపెడుతుంది.

దీన్ని స్పష్టంగా చూపిన ప్రయోగం రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగింది. యుద్ధంలో ఆకలికి గురైన ప్రజలకు మళ్ళీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. నిర్వహించినది ఇందాకటి యాన్సెల్ కీసే. 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. 1945లో 24 వారాల పాటు వారికి రోజుకు సుమారు 1,570 కాలరీల తిండి పెట్టి, వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు. వాళ్ళ బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. నాడి నెమ్మదించింది. ఎండాకాలంలో కూడా చలిగా ఉందనేవారు. చదువు మీద ధ్యాస పోయింది. ఇరవై, పాతికేళ్ళ మగపిల్లలు వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదువుకున్నారంటే వాళ్ళ మనసు ఎక్కడుందో తెలుస్తోంది కదా! ఆ తర్వాత కడుపునిండా పెట్టినప్పుడు కండ కంటే ముందు కొవ్వు తిరిగి వచ్చింది.

ఇదంతా చూసి, వాళ్ళకు మనోబలం లేదని అనగలమా? కారణం రసాయనికం. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కొవ్వు కణాల నుంచి వెలువడే ‘లెప్టిన్’ అనే హార్మోనును కనిపెట్టింది. ఒంట్లో కొవ్వు నిల్వ ఎంతుందో మెదడుకు కబురు పంపేది ఇదే. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. అప్పుడు మెదడు కరువు వచ్చిందని భావించి ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. బాగా బరువు తగ్గినవారిలో ఏడాది గడిచాక కూడా ఆకలి హార్మోన్లు పెరిగే ఉన్నాయని 2011లో తేలింది. ఈ మధ్య మన దేశంలోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఈ ఆకలి కబుర్లనే మారుస్తాయి. మందు ఆపేస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వస్తోంది. వాటి మంచిచెడ్డలు వైద్యులు చూసుకుంటారు, మీ జోలికి రానివ్వకండి.

అమెరికా శాస్త్రవేత్త కెవిన్ హాల్ ఈ పొదుపునంతా లెక్కలోకి తీసుకుని 2011లో ఒక కొత్త అంచనా ఇచ్చాడు. పెద్దవాళ్ళు రోజూ తినేదాంట్లో శాశ్వతంగా 24 కాలరీలు తగ్గిస్తే చివరికి 1 కిలో తగ్గుతారు. అందులో సగం రావడానికి ఏడాది, దాదాపు మొత్తం రావడానికి మూడేళ్ళు పడుతుంది. అంటే రోజుకు 100 కాలరీలు మానేస్తే చివరికి 4 కిలోలు, మొదటి ఏడాదికి 2 కిలోలు. 100 కాలరీలంటే పాతిక గ్రాముల పంచదార, మూడు కప్పుల టీలో పడేంత. “మేం పంచదార మానేసి బెల్లం వేసుకుంటున్నామండి” అంటారు మా వైపు. అనకాపల్లి బెల్లం రుచి నాకూ ఇష్టమే గానీ కాలరీల్లో అది పంచదారకు ఇంచుమించు సోదరే.

మరైతే ఎంత తగ్గాలి?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చాం. శరీరం ఇంతగా ఎదురుతిరుగుతుందంటే, అది భరించగలిగినంత చిన్నదిగానూ, ఆరోగ్యానికి పనికొచ్చేటంత పెద్దదిగానూ ఉండే అంకె కావాలి. వైద్యులు చాలామంది ఇప్పుడు చెబుతున్న జవాబు, ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం, ఆరు నెలల్లో.

ఇంత తక్కువా అనిపిస్తుంది. 2002లో అమెరికాలో మధుమేహం వచ్చే ప్రమాదం ఉన్న 3,234 మంది మీద చేసిన ప్రయోగ ఫలితాలు వెలువడ్డాయి. ఆహారం, వ్యాయామం మార్చుకున్న బృందానికి పెట్టిన గమ్యం 7 శాతం తగ్గుదల మాత్రమే. అయినా వారిలో మధుమేహం వచ్చే రేటు మిగతావారి కంటే 58 శాతం తగ్గింది. ఎందుకంటే బరువు తగ్గడం మొదలైనప్పుడు పొట్టలోని కొవ్వు, కాలేయంలోని కొవ్వు త్వరగా కదులుతాయి. అపకారం ఎక్కువ చేసేది అదే కదా.

మన పొరుగున చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన ప్రయోగం ఇంకా విచిత్రమైనది. దాని ఫలితాలు 2006లో వచ్చాయి. 531 మందిని తీసుకున్నారు. ఏ సలహా ప్రత్యేకంగా ఇవ్వనివారిలో మూడేళ్ళలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. రోజూ అరగంట నడక, తీపి, నూనె తగ్గించడం వంటివి పాటించినవారిలో 39 మందికే వచ్చింది. ఇక చూడండి, ఆ రెండో బృందం వారి సగటు బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గనేలేదు! కాటా మీద ఏమీ జరగలేదు, ఒంట్లో మాత్రం జరిగింది. కాటానే నమ్ముకున్నవాళ్ళు అయితే మూడో నెలలోనే నడక మానేసి ఉండేవారు.

మన అమ్మగారి విషయంలో 68 కిలోలకు 5 శాతం అంటే 3.4 కిలోలు. వారానికి పావు కిలో చొప్పున మూడు నెలల పైచిలుకు పని. మొదటి గమ్యం 64 కిలోల 600 గ్రాములు. అక్కడికి చేరాక ఆవిడ సూచిక 28.7. పట్టిక ఇంకా స్థూలకాయమనే అంటుంది, అననివ్వండి. రక్తపోటు, రక్తంలో చక్కెర, మోకాళ్ళ నొప్పి వేరే కథ చెబుతాయి. అక్కడ రెండు మూడు నెలలు బరువును నిలబెట్టాలి. నా దృష్టిలో తగ్గడం కంటే ఇదే పెద్ద విజయం. నిలబడితే మరో 5 శాతం గురించి ఆలోచించవచ్చు. నిలబడకపోతే ఆ గమ్యమే ఆవిడకు ప్రస్తుతానికి ఎక్కువన్నమాట. ఇంకా ఒక పరీక్ష ఉంది. ఆ బరువులో ఉండటానికి ఏం చేయాలో దాన్ని సంక్రాంతికీ, పెళ్ళిళ్ళ రోజుల్లోనూ కూడా చేయగలరా? చేయలేకపోతే అంకె మార్చుకోవాలి.

మీ సంగతి వేరు

ఇంతవరకు చెప్పినదంతా 18 ఏళ్ళు దాటినవారికి. మీకు 23 అనే గీత వర్తించదు. ఎదిగే పిల్లలకు వయసును బట్టి, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరుగా గీతలు ఉంటాయి. భారత శిశువైద్యుల సంఘం 2015లో వాటిని ప్రచురించింది. పిల్లల వైద్యులు వాటినే చూస్తారు.

13 ఏళ్ళ అబ్బాయి, 150 సెంటీమీటర్ల ఎత్తు, 54 కిలోల బరువు. సూచిక 24, ఆ వయసుకు ఎక్కువే. వీడు ఎన్ని కిలోలు తగ్గాలి? ఒక్కటీ తగ్గనక్కర్లేదు. రెండేళ్ళలో 12 సెంటీమీటర్లు పెరిగాడనుకోండి. 54 కిలోల్లోనే ఉంటే సూచిక 20.6కి వస్తుంది. 3 కిలోలు పెరిగినా 21.7 దాటదు. వాడి గమ్యం ఇవాళ్టి బరువే! చిరుతిళ్ళ పొట్లాలు, చల్లని సీసా పానీయాలు తగ్గించి, సాయంత్రం ఆటకు వెళ్ళి, అన్నం కూర పప్పు మామూలుగా తింటే ఎత్తే మిగతా లెక్క చూసుకుంటుంది. ఆడపిల్లలు ముందుగా ఎదుగుతారు. 15 ఏళ్ళకు చాలామంది ఎత్తు దాదాపు పూర్తవుతుంది. ఆ వయసులో బరువు బాగా ఎక్కువగా ఉంటే వైద్యులను అడగాలి, స్నేహితురాలిని కాదు.

45కి దిగాలన్న అమ్మాయి ఎత్తు 158 సెంటీమీటర్లు, పక్క బెంచీ అమ్మాయి ఎత్తు 148 అనుకుందాం. 45 కిలోలకు పక్క బెంచీ అమ్మాయి సూచిక 20.5. ఈ అమ్మాయికి 18. పెద్దల పట్టికలో 18 అంటే తక్కువ బరువు కిందికి వస్తుంది. ఒకే అంకె, రెండు ఒళ్ళు. దాని కోసం ఆ అమ్మాయి పొద్దున్న టిఫిను మానేస్తుంది, మధ్యాహ్నం గుడ్డు పక్కన పెట్టేస్తుంది. జీవితాంతం పనికొచ్చే ఎముకల సున్నం చాలా భాగం చేరేది ఈ వయసులోనే. నెలసరి మొదలయ్యాక ఇనుము అవసరం పెరిగేదీ ఇప్పుడే. తిండి మానేస్తే ముందుగా పోయేవి ఇవి. ఇంట్లో ఎవరైనా ఆడపిల్ల రోజులకు రోజులు తినడం ఎగ్గొడుతూ, తినమంటే కోప్పడుతూ, సన్నబడినా ఇంకా లావుగా ఉన్నాననుకుంటుంటే, అది మారాం కాదు. డాక్టరుకు చూపించవలసిన జబ్బు. మగపిల్లలకూ వస్తుంది.

కాటాను చదవడం

బరువు రోజూ ఊగుతుంది. ఒంట్లో గ్లైకోజన్ రూపంలో దాచుకున్న పిండి పదార్థం ప్రతి గ్రాముకూ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానేసిన మొదటి వారం తగ్గేది చాలావరకు ఆ నీరే. “వారంలో మూడు కిలోలు” అని గోడల మీద కనిపించే ప్రకటనల రహస్యం ఇది. తిరిగి అన్నం తిన్న రెండు రోజులకు నీరూ తిరిగి వస్తుంది. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో కుస్తీ వీరవనిత వినేశ్ ఫోగాట్ 50 కిలోల విభాగంలో ఫైనల్ చేరింది. మొదటి రోజు ఉదయం బరువు సరిపోయింది. ఆ రోజు మూడు కుస్తీలు పట్టి, మధ్యలో కాస్త తిని, నీళ్ళు తాగేసరికి బరువు పెరిగింది. రాత్రంతా శ్రమపడినా మర్నాడు ఉదయం 100 గ్రాములు ఎక్కువ తూగింది. పతకం పోయింది. ఆటకు నియమం నియమమే. మనకు 100 గ్రాములంటే అర గ్లాసు నీళ్ళు.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళు బరువు చూసుకుంటుంటే వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయం ఏమీ తినకముందు, ఒకే కాటా మీద చూసుకోమనండి. నాలుగు వారాల సగటును పోల్చాలి, నిన్నటితో ఇవాళ్టిని కాదు.

కాటా లేని కొలత కూడా ఒకటుంది. మీరూ చేయవచ్చు. గోడకు ఆనుకుని నిలబడి, మడమ నుంచి నడినెత్తి దాకా మీ ఎత్తుకు సరిపడా పురికొస తెంపండి. దాన్ని సరిగ్గా సగానికి మడవండి. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, నడుము చుట్టూ తిప్పండి. పొట్ట లోపలికి పీల్చితే లెక్క కాదు! రెండు కొసలు కలిస్తే నడుము ఎత్తులో సగం లోపే ఉందన్నమాట, మంచిదే. కలవకపోతే మధ్యలో ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలిచి, తేదీ వేసి నోటు పుస్తకంలో రాసుకోండి. అమ్మకూ నాన్నకూ కూడా చేయండి. పెద్దవాళ్ళకు దర్జీ టేపుతో కొలిచినా సరే, మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి.

మూడు నెలల తర్వాత మళ్ళీ కొలవండి. అమ్మానాన్నలకు పాత పురికొస పనికొస్తుంది. మీకు మాత్రం కొత్తది తెంపుకోవాలి, ఈలోగా మీ ఎత్తు పెరిగి ఉంటుంది.